నాయన ఆటల పోవుడే

సరోజా, ఊరూరా ధర్మం చెప్పేవాణ్ని ఇంట్లో పిల్లలు ఏమనుకుంటున్నారో తెలుసా?

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నేను గట్టు ఊళ్లో ప్రవచనానికి బయల్దేరుతుంటే, పిల్లలిద్దరూ మగ్గం పక్కన అమ్మానాయనల ఆట ఆడుతున్నారు.

“నువ్వు నాయనవురా. సంచి తీస్కొని బయటికి పో,” అంది పెద్దది.

“మల్ల ఎప్పుడు రావాలె అక్కా?” అన్నాడు చిన్నోడు.

“నాయన ఆటల వచ్చుడుండదు. పోవుడే!”

నవ్వబోయి, భుజాన ఉన్న సంచి కింద పెట్టాను. గీత చెప్పిన కృష్ణుడే యుద్ధం నడుమ గుర్రాలకు తన చేత్తో నీళ్లు పెట్టాడు. ఆ కథ వంద ఊళ్లలో చెప్పిన నేను, నా పిల్లలకు ఒక్కనాడూ అన్నం కలిపి పెట్టలేదు. ఇవాళ, మా అమ్మ వండితే నేను కలిపాను. “ఉప్పెక్కువైంది నాయనా,” అంటూనే తిన్నారు.

గట్టుకు కబురు పంపాను: “అయ్యలారా, ఇయ్యాల నేను రాను. నాకోసం కూసోకుండ్రి. లేవుండ్రి, ఇప్పుడే ఇంటికి పోయి మీ పిల్లల పక్కన కూసోండ్రి!”