నల్ల మూలల పుస్తకం

నాయుడుపేట నుంచి

నాయనకు, నీ పెద్దకూతురు సుజాత కాళ్ళకు దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వెలా ఉన్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఎర్రావు ఈనిందా? మళ్ళీ చెబుతున్నాను, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు.

ఫోన్లో నీకు వినపడదు కాబట్టి మనకు ఉత్తరమే దిక్కు. పోయినసారి నేను పంపిన పార్సిల్ సంగతి అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. "కవరు సించి నల్ల మూలలు సూసినాడు, ఆడే కూలబడినాడు. బిడ్డ బాగుండాది అని నేనెంత అరిసినా ఇనపళ్యా. బాయికాడికి పోయి తలకు నీళ్ళు పోసుకున్నాడు" అంది. వీడియోలో నా ముఖం చూసేదాకా నమ్మలేదంట. బతికున్న కూతురికి చావు స్నానం చేసి వచ్చావే నాయనా! నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అది చావు కబురు కాదు, నీ చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం. నీతో చెప్పాలనుకున్నది ఎవరైనా అందులో రాసి చూపిస్తారని పంపాను. ఈయన ఫ్యాక్టరీకి పోతే నాకు ఇంట్లో తోచదు. పక్కింటామెతో మాట్లాడదామంటే నేను మన యాసలో "ఉండాది" అనగానే నవ్వుతుంది. ఉప్పునీళ్ళు, ఉక్కపోత, ఏ ఇంట చూసినా చేపల పులుసు వాసన. అందుకే సబ్బు పెట్టెలు, పేస్టు డబ్బాలు, టీపొడి అట్టలు పారెయ్యకుండా దాచి పుస్తకాలు కుడుతున్నాను. ఒకవైపే అచ్చుపడిన కాగితాలను చిన్నగా కోసి, అట్ట మధ్యలో పెట్టి, దబ్బనంతో చిల్లులు పొడిచి, పూలు కట్టే దారంతో కుట్టేస్తాను. జిగురుకు మైదాపిండి ఉడికిస్తాను. నీ పుస్తకానికి మూలలు నలిగిపోకూడదని ఈయన కరెంటు పనికి వాడే నల్ల టేపు అంటించాను. గట్టిగా ఉంటుందనుకున్నానే గానీ, మనవైపు చావు ఉత్తరానికి మూలల్లో నలుపు పూసేవాళ్ళన్నది తట్టలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

ఇప్పుడు నువ్వు దాన్ని కొట్టం చూరులో దోపి, ఇక అట్లాంటిది ముట్టనంటున్నావంట. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నాకు తెలియదా? కానీ నాకు భయంగా ఉంది నాయనా. ఎవరేం చెప్పినా వినపడినట్టు తల ఊపుతావు. మొన్న వడమాలపేటలో రోడ్డు దాటుతుంటే, "పెద్దాయనా, ఆగు, లారీ వస్తా ఉండాది" అని టీకొట్టాయన అరిస్తే, సరేనని తల ఊపి అట్లే నడిచావంట. ఆయన వచ్చి రెక్క పట్టి లాగకపోతే? ఇక్కడ హైవే మీద హారన్ల మోత ఆగదు. ఒక్కొక్కటి వినపడినప్పుడల్లా, ఇది నాయనకు వినపడదు కదా అనుకుంటాను. నీకు వినపడదని పదిమందికీ తెలిస్తే తలా ఒక చెయ్యి వేస్తారు. దాచిపెడితే ఎట్లా?

ఈ ఉత్తరంతో ఇంకో పుస్తకం పంపుతున్నాను. నువ్వు తాగే టీపొడి అట్టే, ఎర్రగా ఉంటుంది. నాలుగు మూలలా పసుపు పూసి ఆరబెట్టాను. పైన 'రాసి చూపండి' అని మాత్రం రాశాను. చెవుల మాట ఎక్కడా ఎత్తలేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని నాకు తెలుసు.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త రాగిపిండి, మనింట్లో ఖాళీ అట్టపెట్టెలు ఇచ్చి పంపు. ఇక్కడి సంగటి నోట్లోకి పోవడం లేదు. అవ్వకు, చిన్నాయన వాళ్ళకు నా దణ్ణాలు చెప్పు. మీ అల్లుడు కూడా చెప్పమన్నారు. మేం బాగున్నాం, మా గురించి దిగులు పడొద్దు.

ఒక్క మాట. మొదటి పేజీలో ఏం రాయమంటావని అమ్మను అడిగాను. "అది నువ్వు రాయద్దు మ్మే. ఆయనతో ఏం సెప్పాలన్నా అరిసి అరిసి నా గొంతు పోయినాది. అరిసి సెప్పే మాటలు కానివీ కొన్ని ఉంటాయి గదా. అవి నేనే రాసుకుంటా" అంది.

ఆ పేజీ అట్లే వదిలిపెట్టాను. పుస్తకం జేబులో పెట్టుకుంటావో లేదో తరవాత ఆలోచిద్దువు. ముందు పెన్ను తీసి అమ్మకియ్యి.

నీ చల్లని చెయ్యి నా తలమీద ఉండాలని కోరే
నీ బిడ్డ,
సుజాత