డెడ్‌లైన్ అంటే ఏమిటని అడిగారుగా

ఏమండీ, మీకు నమస్కారాలు. నా చేతిరాత కోడి గీకినట్టుంటుంది. తప్పులు కూడా ఉంటాయి. ఎలాగోలా కూడబలుక్కుని చదవండి. ఇక్కడ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. ఆవిడ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. జైల్లో మిమ్మల్ని వంటపనిలో వేశారని చదివి వినిపిస్తే, "ఇంట్లో మంచినీళ్లు ముంచుకుని ఎరగడు. ఆ ఖైదీలు ఏ పాపం చేశారో!" అంది. చాలా రోజులకు నవ్వింది.

డెడ్‌లైన్ అంటే పని ముగించాల్సిన ఆఖరి గడువు. మా చొక్కాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు నోట రోజంతా అదే మాట. మేం ఆయన్ని అలారం అంటాం. సరుకు ఎక్కించే రోజు లారీ కదిలేదాకా గేటుకు తాళం వేయిస్తాడు. పక్కగది టీచరమ్మనడిగితే, ఆ మాట పుట్టిందే జైల్లో అంది. ఎప్పుడో ఒక యుద్ధంలో పట్టుబడ్డవాళ్ల చుట్టూ గీత గీసేవారట. దాటినవాణ్ణి అక్కడే కాల్చేసేవారట. తర్వాత పత్రికలవాళ్లు వార్త అందాల్సిన వేళకు ఆ పేరు పెట్టుకున్నారట. ఇప్పుడు అందరిదీ అదే మాట.

ఇక దాచలేను. అప్పీలుకు మీరు సంతకం చేసి పంపిన కాగితం గడువుకు ముందురోజు సాయంత్రం అందింది. మర్నాడే ఫ్యాక్టరీలో సరుకు ఎక్కించాలి. మానేస్తే మళ్లీ పనిలోకి రానివ్వరు. మధ్యాహ్నం అలారాన్ని అడిగి ప్లీడరుగారి దగ్గరికి వెళ్దామని కాగితం జాకెట్లో దోపుకున్నాను. అడిగాను.

"డెడ్‌లైన్ తల్లీ! ఈ కాలర్లు నీ మొగుడొచ్చి కుడతాడా? కూర్చో."

మీరు జైల్లో ఉన్నారని ఫ్యాక్టరీలో ఎవరికీ తెలీదు. అందరిలో చెప్పడానికి నోరు రాలేదు. కూర్చుని కాలర్లు కుట్టాను. తాళం తీసేసరికి చీకటి పడింది. పరుగెత్తాను.

"మధ్యాహ్నం వచ్చినా సరిపోయేది కదమ్మా," అన్నారు ప్లీడరుగారు. "ఆలస్యానికి కారణం రాసి కోర్టును అడుగుతాను. ఆశ మాత్రం పెట్టుకోకు."

అత్తయ్య మీరొచ్చేస్తారని మీ చొక్కాలు ఉతికి ఆరేస్తోంది. ఆవిడకు చెప్పలేకపోతున్నాను. మీరే రాయండి, చదివి వినిపిస్తాను.

ఆ గీత దాటినవాళ్లు కనీసం ఒక అడుగు వేశారండీ. నేను మిషను ముందు నుంచి లేవనైనా లేవలేదు.

చదివాక ఈ ఉత్తరాన్ని మీ వంటపొయ్యిలో పడేయండి. ఇంకెవరి కంటా పడనివ్వకండి.

ఇట్లు,
మీ భార్య