మా మిరపచేన్ల దిగిన డబ్బ

పరకాల,
7 డిసెంబర్ 2025, ఆదివారం.

నా ప్రాణమైన బిడ్డ ఫిజాకు,

మీ అబ్బా ఫకీర్ మహమ్మద్, అమ్మీ వజీరా మనసార పంపే దువాలు. అల్లా దయతోని ఇక్కడ అందరం మంచిగున్నం. నువ్వు హన్మకొండ హాస్టల్ల వేళకు తింటున్నవని, పొద్దుగాల చలికి చెవులకు గుడ్డ కట్టుకుంటున్నవని నమ్ముకొని ఈ ఉత్తరం మొదలుపెడుతున్న.

మీ కాలేజీల ఫోన్ ముట్టనియ్యరు గనుక, లోకంల కొత్తగ ఏం కనిపెట్టిండ్రో రాసి పంపమన్నవ్. నా అభిప్రాయం గూడ రాయమన్నవ్. నీ పుణ్యాన పేపర్ల సినిమా పేజీ ఇడిచిపెట్టి సైన్సు ముక్కలు చదువుడు అలవాటైంది. చాయ్ హోటల్ మొగిలయ్య నవ్వుతాండు, ఫకీరు ఈ వయసుల ఇంటర్ పరీక్షకు కూసుంటాండని.

ముందుగ ఏఐ సంగతి. అది కథలు రాస్తాంది, బొమ్మలు గీస్తాంది, ఇంక కొన్నేండ్లకు సాఫ్ట్‌వేరోళ్ల కొలువులు గూడ అదే చేస్తదని పేపరోడు భయపెట్టిండు. నేనే దానికి ఒక పరీక్ష పెట్టిన. మిరపాకు పైకి ముడుచుకుంటాంది, ఏం చెయ్యాలె అని ఫోన్‌ను నోటితోనే అడిగిన. రేడియోల వార్తలు చదివినట్టు జవాబు చెప్పింది. చెప్పిన దాంట్ల తప్పేం లేదు. ఆఖరుకు మీ వ్యవసాయ అధికారిని కలవండి అన్నది. ఆయన దొరికితే నిన్నెందుకు అడుగుత అన్న. దానికి గూడ మర్యాదగ క్షమించమన్నది. నా అభిప్రాయం ఏందంటే, దానికి చదువున్నది, ఓపికున్నది, కాళ్లకే మట్టి అంటలేదు. నువ్వు కంప్యూటర్ చదివినంక జర ఆ పని చూడు.

రెండోది తోకచుక్క. మన సూర్యుని ఇలాకా అవతల నుంచి ఒకటి వచ్చి పోతాందట. అది తోకచుక్క కాదు, వేరే లోకపోళ్ల బండి అని కొందరు, కాదు తోకచుక్కనే అని చానమంది సైంటిస్టులు. నేను సైంటిస్టుల దిక్కే. అంత దూరం నుంచి మనుషులసొంటోళ్లు ఎవరన్న వస్తే, ఒక్క చాయ్ అన్న తాగకుంట మలుపుకొని పోతరా? ఇగ కొత్త ఫోన్లు ఇంకింత సన్నగ చేస్తాండ్రట. ఎందుకో నాకు సమజ్ కాలేదు. జేబులేమన్న మొరపెట్టుకున్నయా?

ఇగ అసలు వార్త. ముందే చెప్తాన, అంత మంచిగనే అయింది, నువ్వు ఫికర్ చెయ్యకు.

మొన్న బుధవారం పొద్దున మీ అమ్మీ, పక్కచేను సమ్మమ్మక్క కలిసి మన మిరపల కలుపు తీస్తాండ్రు. నేను, సమ్మమ్మక్క పెనిమిటి ఉప్పలన్న ఒడ్డుమీద మోటర్ కాడ ఉన్నం. ఉన్నట్టుండి సమ్మమ్మక్క లేచి నిలబడి మీదికి చూపిచ్చింది. తెల్లగ, ఇంత పెద్ద గుడారమసొంటిది, కింద ఎర్ర గొడుగు, గొడుగు కింద తాళ్లకు ఒక డబ్బ. చప్పుడు లేదు. ఊగుకుంట ఊగుకుంట వచ్చి మన చేను నడిమిట్ల దిగింది. డబ్బ మీద చిన్న లైటు ఆరుతాంది, ఎలుగుతాంది. సమ్మమ్మక్క మబ్బు తెగి పడ్డదనుకున్నదట. మీ అమ్మీ అయితే కొంగు నోట్ల కుక్కుకొని కలుపు కొడవలి గట్టిగ పట్టుకున్నది. ఆకాశం మీదికి కొడవలి ఎత్తిన ఆడమనిషి మన మండలంల మీ అమ్మీ ఒక్కతే అయి ఉంటది.

కొద్దిసేపట్లనే ఊరు ఊరంత వచ్చింది. ఉప్పలన్న కొడుకు భానుచందర్ ఉరికొచ్చిండు. పరకాల నుంచి బండ్ల మీద వచ్చిండ్రు. అందరి చేతుల ఫోన్లు. కాయ పట్టిన చెట్లు కాళ్ల కింద పడి పటపట ఇరుగుతాంటే, దిగండి నాయనా, ఒడ్డుమీద నిలబడండి నాయనా అని మొత్తుకున్న. ఎవరు ఇన్నరు? ఒకడు తోకచుక్క ముక్క అన్నడు, ఒకడు బాంబు అన్నడు. దగ్గరికి పోయేటోడు లేడు, ఇంటికి పోయేటోడు లేడు.

పగటి అన్నం ఏళయ్యేసరికి నా ఫోన్ మోగుడు షురూ అయింది. మీ మామూ యాకూబ్ వరంగల్ నుంచి చేసి, బావా నీ వీడియో తిరుగుతాంది, చూసినవా అన్నడు. పంపిండు. పరకాల దగ్గర పొలంల గూఢచారి యంత్రం అని పెద్ద పెద్ద అక్షరాలు, కింద నా పేరు, నా ముఖం. నేను చెట్లు తొక్కొద్దని చేతులు ఊపుతాంటే, దాని కింద, ఎవరినీ దగ్గరికి రానిస్తలేడు, ఏం దాస్తాండు అని రాసిండ్రు. మీదికెళ్లి భయంకరమైన సంగీతం. తర్వాత ముఖం తెల్వనోళ్లు ఫోన్ చేసుడు మొదలుపెట్టిండ్రు. వాళ్లేమన్నరో నేను రాయ, నువ్వు చదవొద్దు.

బిడ్డా, తిట్లు తట్టుకున్న. చేనుల ఉన్నోళ్లు గూడ ఆ వీడియో చూసుకొని ఒక్కొక్కరు నా ముఖం దిక్కు కొత్తగ చూసిండ్రు చూడు, అది తట్టుకోలేకపోయిన. పొద్దున్నే బీడీకి నన్ను నిప్పు అడిగినోడు రెండడుగులు ఎనుకకు జరిగిండు. నా చేనుల నేను దొంగ లెక్క నిలబడ్డ.

అప్పుడు ఉప్పలన్న వచ్చి నా భుజానికి భుజం ఆనిచ్చి నిలబడ్డడు. సమ్మమ్మక్క మాత్రం ఊకోలేదు. అందరికి ఇనపడేటట్టు అన్నది:

“ఆయన చేన్ల పడితే ఆయన తెచ్చినట్టేనా? నా చేన్ల వాన పడితే నేను కురిపిచ్చిన్నా? ఇరవై ఏండ్ల సంది ఒక్క మోటర్ నీళ్లు పారిచ్చుకుంటున్నం. అనేటోడు ముందుకొచ్చి నా ముఖం చూసి అనుండ్రి.”

ఎవరూ రాలేదు. గని ఒకాయన గొడ్డలి పట్టుకొచ్చి, పలగ్గొట్టి లోపలేమున్నదో చూద్దామన్నడు. గొడ్డలి చూడంగనే మీ అమ్మీకి ఎక్కడి ధైర్యం వచ్చిందో, అందరికంటే ముందు పోయి డబ్బ పక్కన కూసున్నది. తాళ్లు పక్కకు జరిపి, వంగి చూసి, ఇటు తిరిగి అన్నది, “దీని మీద తెలుగుల రాసున్నది.”

నిజంగనే రాసున్నది. ఇది గాలిని పరిశోధించే పరికరం, భయపడవద్దు, తెరవవద్దు, దయచేసి ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని. పొద్దుగాల్ల నుంచి అన్ని ఫోన్లు దాన్ని ఫోటో తీసినయ్ గని, ఒక్క కన్ను చదవలేదు. ఇది నా ఈ వారం అసలైన అభిప్రాయం బిడ్డా, ఎక్కడన్న రాసి పెట్టుకో.

నంబర్ కొట్టి స్పీకర్ పెట్టిన. అవతల ఒక మేడమ్, పేరు వినోద అట. మేం దారిలోనే ఉన్నామండి, డబ్బా ఎక్కడుందో మాకు కనిపిస్తోంది, ఎవరికీ దెబ్బలు తగలలేదు కదా అని అడిగింది. పొద్దున నుంచి మా దెబ్బల గురించి అడిగిన మొదటి మనిషి ఆమెనే.

వాళ్లకంటే ముందు ఎస్సై వచ్చిండు. ఆధార్ కార్డు తీసుకొని, ఫోన్ తీసుకొని, జీపు కాడ నిలబెట్టి అడిగిందే అడిగిండు. ఆయనను అనేదేం లేదు, ఆయనకు మీదికెళ్లి ఫోన్లు వస్తున్నయ్. ఉప్పలన్న గూడ నాతోని జీపు కాడనే నిలబడ్డడు. నువ్వెందుకయ్యా అంటే, చేను ఒడ్డు ఇద్దరిది సార్ అన్నడు.

మాపటికి వినోద మేడమ్ వాళ్లు వచ్చిండ్రు. జీపు దిగి, డబ్బ కాడికి పోకముందు ఇరిగిన చెట్లు చూసి అయ్యో అన్నది. పంటకు నష్టం రాసుకున్నది. ఎస్సైకి, జనానికి, ఒడ్డుమీద నిలబడి మొత్తం ఇడమరిచి చెప్పింది. హైదరాబాద్ దిక్కు నుంచి ఇడిచిన బెలూన్ అట. ఇమానాలు పోయే ఎత్తుకు మూడింతలు పోయి, అక్కడి గాలిల దుమ్మెంత, తేమెంత అని కొలిచి, పనైపోంగనే గొడుగు ఇప్పుకొని దిగుతదట. వానలు ఎందుకు గతి తప్పుతున్నయో తెలుసుకోనీకె ఆ లెక్కలు అక్కరకొస్తయట. ఇంటాంటే నాకు ఇచ్చంత్రమనిపిచ్చింది. వాన గురించి అడుగనీకె అంత మీదికి పోయి, దిగి దిగి మిరపరైతు చేన్లనే దిగింది.

సమ్మమ్మక్క, అమ్మా మీదికెళ్లి మా ఊరు కనపడ్డదా అని అడిగింది. మేడమ్ డబ్బలకెళ్లి కెమెరా చిప్పు తీసి లాప్‌టాప్‌ల పెట్టింది. మీద నల్లటి ఆకాశం, పగటి పూటనే. భూమి అంచు కొడవలి లెక్క వంగి ఉన్నది. కింద పచ్చగ, ఎర్రగ మన నేల. మీ అమ్మీ, మా బిడ్డ హన్మకొండల చదువుతాంది, అది ఎక్కడుంటది అని అడిగింది. మేడమ్ ఒక్క ఏలు పెట్టి చూపిచ్చింది. ఆ ఏలు కిందనే పరకాల, ఆ ఏలు కిందనే నీ హాస్టల్, ఎనుమాముల మార్కెట్, మనల్ని తిట్టినోళ్లు, మెచ్చినోళ్లు అందరు. మీ అమ్మీ ఆ రాత్రి అన్నం తినుకుంట, నువ్వు దూరం పోయినవని ఇన్ని రోజులు అనుకున్న, ఒక్క ఏలు మందమే ఉన్నది కదా అన్నది.

పోయేముందు ఎస్సై ఫోన్ తిరిగిచ్చి, వీడియో పెట్టినోడు ఎవడో చెప్పు, కేసు రాస్త అన్నడు. తెల్వదు సార్ అన్న. తెలిస్తే స్టేషన్‌కు రమ్మని చెప్పి పోయిండు. తెల్లారి నుంచి ఫోన్లు తగ్గినయ్. బీడీకి నిప్పు అడిగే ఆయన నిన్న మళ్ల అడిగిండు. ఇచ్చిన.

మిరపచెట్లు సగం లేచినయ్, మిగిలినయ్ ఇంక చూడాలె. నువ్వు మంచిగ చదువుకో. వినోద మేడమ్ నీ గురించి ఇని, సెలవులల్ల అడిగేటియ్ ఏమన్న ఉంటే ఫోన్ చెయ్యమన్నది. భయపడకుంట అడుగు. అడిగేటోళ్లంటే ఆమెకు ఇష్టమున్నట్టు అనిపిచ్చింది.

ఎల్లప్పుడు నీ మేలు కోరుకునే
నీ అబ్బా,
ఫకీర్ మహమ్మద్.

తా.క.: ఈ కాగితం మీ అమ్మీ ఉత్తరం చదివి పక్కకు పెట్టినంక కవరుల పెడుతున్న. ఇది నీకు ఒక్కదానికే.

వీడియో పెట్టింది ఎవరో నాకు తెలుసు. మీ మామూ పంపిన నాడే, సంగీతం మొదలయ్యేకంటే ముందు ఒక్క క్షణం ఒక గొంతు ఇనపడ్డది, “కొడుకా, మోటర్ రూము మీదికెళ్లి దిగు, పడతవ్” అని. అది సమ్మమ్మక్క గొంతు. తీస్తున్నది భానుచందర్. నా పక్కన ఉప్పలన్న నిలబడి ఉండంగ, ఆ అక్క నా కోసం ఊరితోని కొట్లాడుతుండంగ, వాళ్ల కొడుకు పేరు ఎస్సైకి ఎట్ల చెప్పాలె? చెప్పలేదు.

గురువారం తెల్లారక ముందే పోయి చూసేసరికి వాడు మన చేన్ల ఉన్నడు. పడ్డ చెట్లకు మట్టి ఎగదోసుకుంట, పుల్లలు గుచ్చుకుంట. నేను గూడ ఇంకో సాలు పట్టిన. సాలు చివరికి వచ్చినంక వాడే అన్నడు:

“కాకా, అందరు చూస్తరని పెట్టిన. నీకు ఇట్లయితదనుకోలే.”

“మరి ఇప్పుడు నిజం పెట్టు” అన్న.

పెట్టిండు. తన ముఖం చూపిచ్చి, తప్పు రాసింది నేనే, ఫకీరు కాక ఏం చెయ్యలే అని చెప్పిండు. మొదటి వీడియో తీసేసిండు గని, అప్పటికే అది ఎక్కడెక్కడికో పోయింది. నిజం చూసినోళ్లు చాన తక్కువ. అమ్మానాయన చూడకముందే తనే వాళ్లకు చెప్తనన్నడు, ఇంక నోరు వస్తలేదు. చెప్తడు. రోజూ చేనుకు వస్తాండు.

సంక్రాంతి సెలవులకు నువ్వు వచ్చినప్పుడు వాడు నీ ముఖం చూడలేక తప్పిచ్చుకొని తిరుగుతడు. నీకు సైకిల్ నేర్పినోడు బిడ్డా. ముందు నువ్వే పలకరియ్యి.