దొర గీసిన చెరువు

1968 సెప్టెంబరు 3, కోటబొమ్మాళి

మూడు రోజులుగా అత్తవారింట్లో మకాం. కుంపిణీ సైన్యం నడిచిన దారి పటాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి తెచ్చుకున్నాను. ఎవడో దొర చేత్తో గీసింది. ఊరికి తూర్పున కుండ ఆకారంలో పెద్ద చెరువు. "సిపాయి గీతలు నమ్మి డాక్టరేటా? ఒక్క చెరువు చూపించవయ్యా, లేదా అంశం మార్చుకో" — యూనివర్సిటీలో మా గైడుగారు. నా మూడేళ్ళ చాకిరీ ఆ చెరువులో ఉంది.

సెప్టెంబరు 4

చెరువు లేదు. తూర్పున అంతా వరి.

సెప్టెంబరు 6

చంకలో కాగితం చుట్ట కనిపిస్తే చాలు, సర్వేవాడు వచ్చాడని ఊరంతా జాగ్రత్త పడుతోంది. మంచం వాలుస్తారు, మజ్జిగ ఇస్తారు. చెరువు మాటెత్తితే మాత్రం... "సెరువేటి బాబూ? మా తాతల నాడూ నేదు." తాతల మాట నేనడగనే లేదు! మావయ్యనడిగితే, "దొరకి కళ్ళు కనబడవేమో అల్లుడూ" అని అటు తిరిగి పడుకున్నాడు.

సెప్టెంబరు 9

దొరికింది! పప్పు వడ్డిస్తూ అత్తయ్య నోరు జారింది. "మీ మావ సిన్నప్పుడు ఆ సెరువులోనే కదా బాబూ, గేదె తోకట్టుకుని ఈత నేర్సుకున్నాడు..." మావయ్యకి పొలమారింది. ఆయన గొప్పగా చెప్పుకునే తూర్పు మడి — చెరువు గర్భమే! వాళ్ళ నాన్న గట్టు తెగ్గొట్టి దున్నేశాడట. చెయ్యి కడుక్కున్నాక అరుగు మీదికి పిలిచాడు. "ఆ కాయితం అచ్చయితే సెరువు బూమని సర్కారోళ్ళు మడి లాగేసుకుంటారు. నీకు డాక్టరీ గావాలా, అత్తోరిల్లు గావాలా?" రెండూ కావాలి నాకు. తిన్నది ఆ మడి బియ్యమే. సిగ్గేసింది.

సెప్టెంబరు 10

మావయ్య అత్తయ్యతో మాట్లాడటం లేదు. నా భార్య నాతో మాట్లాడటం లేదు.

సెప్టెంబరు 13

గైడుగారి ఉత్తరం. ఎల్లుండి ఉదయం పాసింజరుకి వస్తున్నారు, స్వయంగా, చెరువు చూడ్డానికి. మావయ్యకి చెప్పాను. "రానీ. సూపిద్దాం, వరి" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 15

నిన్నంతా వాన, ఆగకుండా. తెల్లారి వెళ్ళి చూస్తే తూర్పు మడి మునిగి ఉంది. పటం విప్పాను. కుండ. మెడతో సహా కుండ! దొర చెయ్యి ఎక్కడా తప్పలేదు. గట్టు మీద ఒక్కణ్ణే గంతులేశాను. నడుంలోతు నీళ్ళలో మావయ్య, ఒక్కడే, నీళ్ళు పోవడానికి గండి కొడుతున్నాడు. నీళ్ళు నిలిస్తే ఆయన చేను పోతుంది, నీళ్ళు పోతే నా చెరువు. "గెంతుతావేటిరా అల్లుడా! ఇంటికెల్లి ఇంకో పార అట్టుకురా!"

పార కోసం ఇంటికొచ్చాను. పార దొరికింది. డైరీ కూడా దొరికింది; పార పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

స్టేషను వైపు పాసింజరు కూత...