బస్తాలు దించకు

ఎయినోకి,

మీ అన్నయ్య పికప్‌కి బ్రేకులు బాగుచేశానని, రోడ్ల మీద మంచు పోయింది కాబట్టి వెనక బరువుకి వేసిన ఇసుక బస్తాలు కూడా దించేస్తానని కబురు పెట్టావు. బ్రేకుల సంగతి సంతోషం. బస్తాల జోలికి మాత్రం వెళ్లకు.

రోడ్డు మీద కరిగింది గానీ, నేల ఇంకా గడ్డకట్టి రాయిలాగే ఉంది. మే నెల దాకా గొయ్యి తవ్వడం కుదరదని శ్మశానం కాపరి చెప్పాడు. అందాకా మీ అన్నయ్య ఆర్వో శవపెట్టె చర్చి వెనక రాతిగదిలోనే ఉంటుంది. జనవరి నుంచి ఒక్కడే ఉన్నాడక్కడ.

నేల మెత్తబడ్డాక ఆయన్ని ఆయన బండిలోనే గుట్ట మీదికి తీసుకెళ్దాం. ఆ దారి మేలో ఎంత బురదో నీకు తెలియనిది కాదు. వెనక బరువు లేకపోతే చక్రాలు తిరుగుతాయే తప్ప బండి కదలదు.

ఏటా మొదటి మంచుకి బస్తాలు ఎక్కిస్తూ, "నువ్వెళ్లి వెనక కూర్చోవే, ఈ ఇసుక మోత నాకు తప్పుద్ది" అని ఏడిపించేవాడు. ఆ రోజు కూర్చుంటాను, ఆయన పక్కనే. నువ్వు నెమ్మదిగా నడుపు.

బస్తాలు మాత్రం ఉండనీ ఎయినో. ఈ చలికాలం నేను బాగా చిక్కిపోయాను. నా బరువొక్కటే చాలదు.

మీ వదిన