పెద్దదినం దాకా పలకని పేరు

అక్కకు,

నీ చెల్లెలు వరం నమస్కారాలతో రాస్తున్నది. బావగారు, పిల్లలు, అమ్మ మోకాళ్లు, అంతా కులాసానా? నా ఒళ్లు బాగానే ఉంది, బెంగపడకు. మనసు సంగతే ఫోన్‌లో చెప్పలేను. నీ గొంతు వింటే ఏడ్చేస్తాను. అందుకే ఉత్తరం.

అరకు వచ్చి ఆరు నెలలైంది. పొద్దున్న తొమ్మిది దాటినా మంచు వదలదు. నువ్విచ్చిన దుప్పటి మీద ఇంకోటి కప్పుకుంటున్నాను. ఇంటామె చిలకమ్మ రోజూ రాగి అంబలి పోస్తుంది. మొదట్లో మొహం చిట్లించేదాన్ని, ఇప్పుడది తాగందే కోర్టుకు కదలను. తిండికి లోటు లేదు, బెంగపడకు.

దిగిన వారానికే అద్దె కాగితం రాస్తూ, పోయిన వాళ్లాయన పేరేమిటని చిలకమ్మను అడిగాను. పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. నేను వదిలే రకమా? మూడుసార్లు అడిగాను.

"ఏటమ్మీ అలా గుచ్చుతావు? పెద్దదినం సేసి సాగనంపేదాకా పోయినోడి పేరు మేం పలకం. పలికితే ఎనక్కి తిరిగి సూత్తాడు, దారి తప్పిపోతాడు. ఆ దినం రానీ, నీకే ముందు సెప్తాను" అంది. పంట ఇంటికొచ్చాక గానీ ఆ దినం చెయ్యరట.

నా నోరే నాకు శత్రువక్కా. ఏదో గొప్ప సంగతి కనిపెట్టినదానిలా, టీ తాగుతూ ఇదంతా మా సీనియర్ గారికి చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, మళ్లీ చెప్పమన్నారు. అప్పుడైనా నాకు బుద్ధి వెలగలేదు. ఆయన ఒక రాతి క్వారీ యజమాని తరఫు వకీలు. అక్కడ బండ కింద పడి చనిపోయిన కుర్రాడి తల్లి కొండమ్మ, ఆ యజమాని మీద కేసు వేసింది.

పోయిన మంగళవారం ఆమెను క్రాస్ చేశారు. సీనియర్ గొంతు పెంచలేదు, అన్నీ చిన్న ప్రశ్నలే. సాక్షి చేత అబద్ధం చెప్పించక్కర్లేదు, మనకు పనికొచ్చే నిజం ఒక్కటి చెప్పిస్తే చాలు అని నాకు నేర్పింది ఆయనే.

"అమ్మా, మీ అబ్బాయి పేరు?"

కొండమ్మ తల దించుకుంది. వాళ్లదీ అదే ఆచారం, కొడుకు పెద్దదినం ఇంకా కాలేదు.

"పోనీ, అఫిడవిట్‌లో ఉన్న ఈ పేరు మీరు చెప్పారా?"

"నాను సెప్పనేదు బాబూ."

"మరి ఎలా వచ్చింది?"

"వకీలుబాబు కార్డు సూసి రాసేసినాడు."

"అంటే ఇది మీరు చెప్పి రాయించింది కాదు."

"నా నోటితో నానైతే సెప్పనేదు."

అంతే! అఫిడవిట్ తను చెప్పి రాయించింది కాదని రికార్డుకెక్కింది. ఆ వాంగ్మూలం కింద ఆమె వేలిముద్ర వేసింది. ఆమె వకీలుదీ మనలాగే కొండ కింది పల్లపు ఊరు, ఈ ఆచారం ఆయనకేం తెలుసు? తెలిసింది సీనియర్‌కూ నాకే. తల వంచుకుని నోట్సు రాస్తూ కూర్చున్నాను. సిగ్గుగా ఉందక్కా.

"ఇదంతా నీ చలవేనమ్మా" అన్నారు సీనియర్ బయటికొచ్చాక.

రెండు రోజులు అన్నం సహించలేదు. గురువారం కొండమ్మ వకీలు ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆమెను మళ్లీ పిలిపించమని పిటిషన్ వేస్తామన్నారు. కోర్టు ఒప్పుకుంటుందో లేదో! సీనియర్‌కు తెలిస్తే నాకు ఇక్కడ నీళ్లు కూడా పుట్టవు. నాన్నకు ఇప్పుడే చెప్పకు. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి కాస్త పంపు.

నిన్న చిలకమ్మ ఇంట్లో పెద్దదినం. కొండమ్మది చిలకమ్మ పుట్టింటి ఊరే, నేను చేసిన పని కబురు ఆమెకు ఎప్పుడో చేరింది. అయినా నన్ను పస్తు పెట్టలేదు. ఆకు వేసి తనే వడ్డించింది. పేరు పలికే వేళకు మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు లోపలికెల్లు గుంటా. నీకు సెప్పను."

వెళ్లి తలుపు వేసుకున్నాను. వాకిట్లో అందరూ ఒక్కసారిగా ఆయన్ని పేరు పెట్టి పిలిచారు. నాకు వినపడకుండా చెవులు రెండూ మూసుకున్నాను.

నాన్నకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నువ్వు మాత్రం నన్ను చల్లగా ఉండమని దీవించకు. కోర్టు కొండమ్మను మళ్లీ పిలవాలని దీవించు.

నీ చెల్లెలు,
వరం