లాండ్రీ చీటీల మీద ఇంగ్లీషు

పిన్నికి, నీ అక్క కూతురు నమస్కరించి రాసేది.

నా పెళ్లిలో మగపెళ్లివారంతా ఇంగ్లీషులో దంచేస్తుంటే నువ్వు బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవాల్సి వస్తుందని బెంగపడ్డావుగా. ఇదిగో నా పద్ధతి. ఒకే అక్షరాలతో మొదలయ్యే మాటల్ని ఒకేసారి పట్టేయాలి. అవి తోబుట్టువుల్లాంటివి. ముఖాలు కలుస్తాయి, గుణాలు కలవవు. ఈ వారం ఎఫ్, ఆర్ ఇంటివాళ్లు: ఫ్రీ, ఫ్రెష్, ఫ్రాగ్, ఫ్రాడ్. ఒక్కో మాట ఒక్కో చీటీ మీద రాసి, వెనక తెలుగు అర్థం రాసి, కళ్లెదుట వేలాడదీసుకో.

నీ టీచరమ్మ

తా.క.: పెళ్లికొడుకు తన కోటు మీ లాండ్రీలోనే వేశారట. జాగ్రత్త పిన్నీ, నా పెళ్లి ఆ కోటు మీదే ఉంది.

*

టీచరమ్మకు పిన్ని దీవెనలు.

అర్థాలన్నీ నోటికి వచ్చేశాయే! ఫ్రీ ఉచితం, ఫ్రెష్ తాజా, ఫ్రాగ్ కప్ప, ఫ్రాడ్ మోసగాడు. చీటీలకు వేరే కాగితం ఎందుకని, బట్టలకు గుచ్చే మన చీటీల మీదే రాసి ఇస్త్రీ బల్ల పైన తీగకు తగిలించాను. ఇస్త్రీ చేస్తూ చదువు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం మధ్యాహ్నం దాకే. నేను భోజనానికి వెళ్లినప్పుడు మీ బాబాయ్ అవి ఖాతాదారుల చీటీలనుకుని తీసి, సిద్ధంగా ఉన్న బట్టల కాలర్లకు గుచ్చి పంపేశారు. డాక్టరుగారి తెల్లకోటుకు ‘ఫ్రీ’ వెళ్లింది. మర్నాడు ఆయన చూసుకోకుండా తొడుక్కున్నారు. పొద్దుట్నుంచి ఒక్కరూ ఫీజు ఇవ్వలేదని కొట్టు మీదకొచ్చి అరిచి వెళ్లారు. వకీలుగారి గౌనుకు కప్ప.

నీ పిన్ని

తా.క.: చేపల కొట్టాయన ఏప్రాన్‌కు ‘ఫ్రెష్’ వెళ్లింది. సరుకంతా అమ్ముడుపోయిందట. రేపూ అదే చీటీ కావాలంటున్నాడు.

*

పిన్నీ!

నమస్కారం తర్వాత. ‘ఫ్రాడ్’ ఎక్కడ? ఎవరి బట్టకు గుచ్చారు? ఆయన కోటుకే అయితే నా పెళ్లి మంట గలిసినట్టే. అందరూ మెచ్చిన మనిషి! వెంటనే వెళ్లి కాళ్లావేళ్లా పడైనా క్షమాపణ చెప్పు.

వణుకుతున్న నీ కూతురు

తా.క.: ఆయనకు కప్ప వెళ్లి ఉంటే ఎంత బాగుండేది!

*

బంగారుతల్లికి,

కూర్చుని చదువు. పక్కన మీ అమ్మను ఉంచుకో.

ఆ చీటీ పెళ్లికొడుకు కోటుకే వెళ్లింది. నీ మాట ప్రకారం కాళ్లావేళ్లా పడదామనే బయల్దేరాను. తలుపు తీసిన మనిషి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో నా చీటీ. వెనక ‘మోసగాడు’ అని నా చేతిరాతే. నేను నోరు తెరిచేలోపే లోపలికి లాగి తలుపేశాడు.

“అత్తయ్యగారూ, మా ఆవిడ మీ కొట్టుకొచ్చి చెప్పేసిందా?” అన్నాడు.

“ఏ ఆవిడ?” అన్నాను.

అంతే, అతని నోరు ఇక మూతపడలేదు. తాళి కట్టిన భార్య పుట్టింట్లో ఉందట, ఒక బాబు కూడానట. కాళ్లావేళ్లా పడింది నేను కాదు, అతను. మీ నాన్నకు కబురు పంపాను. పెళ్లి లేదు. ఏడుపొస్తే ఏడువు తల్లీ, నేనూ దారంతా ఏడ్చాను. కానీ గండం గడిచింది.

నీ పిన్ని

తా.క.: తర్వాతి అక్షరాల పాఠం త్వరగా పంపు. మీ బాబాయ్ చీటీలు కత్తిరించి సిద్ధంగా కూర్చున్నారు. ఇకమీదట ఏ సంబంధం వచ్చినా, జాతకం సంగతి తర్వాత, ముందు అబ్బాయి కోటు మా కొట్టుకు పంపమను.